వెనుదిరగడం కూడ వివేకమే



2009 సెప్టెంబరు 2వ తేదీ మనలో చాలమందికి గుర్తుండే ఉంటుంది. ఆ ఉదయం 8 గంటల 38 నిమిషాలకు నాటి ముఖ్యమంత్రి డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డిగారు హైదరాబాదు బేగంపేట నుండి బెల్-430 హెలికాప్టర్‌లో బయలుదేరారు. చిత్తూరు జిల్లా అనుపల్లె గ్రామంలో రచ్చబండ కార్యక్రమానికి వెళ్లవలసి ఉన్నది. ఆయనతో పాటు ఒక ఐ.ఏ.ఎస్. అధికారి, ఒక భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు. గంట తిరగకముందే నల్లమల అడవుల మీద ఆ హెలికాప్టర్ జాడ తెలియకుండా పోయింది. ఆ పగలూ ఆ రాత్రీ తెలుగునాట ప్రతి ఇంట్లో టీవీల ముందు జనం కూర్చుండిపోయారు. ఎన్నో ఇళ్లలో ప్రార్థనలు జరిగాయి. మరునాటి ఉదయం కర్నూలు జిల్లా పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. ఐదుగురిలో ఒక్కరూ బ్రతకలేదు.

అప్పటినుండి ఆ సంఘటన ప్రస్తావన వస్తే రెండు మాటలు వినిపిస్తూ ఉంటాయి. ఒకటి, "అంతా దేవుని చిత్తం, రాత అలా ఉంది" అని. రెండవది, "ఎవరో ఏదో చేసి ఉంటారు" అని. ఈ రెండు మాటలూ పైకి వేరువేరుగా కనిపించినా ఒక విషయంలో ఒకటే. రెండూ మనలను ఆలోచించనీయవు. మొదటిది భారాన్ని సర్వేశ్వరుని మీద వేస్తుంది, రెండవది ఎవరో తెలియని దుర్మార్గుని మీద వేస్తుంది. మధ్యలో అడగవలసిన ప్రశ్న మిగిలిపోతుంది. ముందు దారి మూసుకుపోతున్నదని తెలిసినప్పుడు మనిషి ఎందుకు వెనుదిరగలేడు? ఈ ప్రశ్న పైలట్లకు సంబంధించినదని అనుకోవద్దు. ఇది మన పొలాలకూ, మన ఇళ్లకూ, మన ఆత్మలకూ సంబంధించిన ప్రశ్న.

విచారణలో తేలినది

కేంద్ర ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం ఈ ప్రమాదాన్ని విచారించింది. హెలికాప్టర్ పోతున్న దారిలో దట్టమైన వర్షమేఘాలు ఉన్నాయి. అదే సమయంలో గేర్‌బాక్స్‌కు సంబంధించిన చమురు ఒత్తిడి తగ్గినట్లు హెచ్చరిక కనిపించింది. పైలట్లిద్దరూ దాని సంగతి చూడడంలో, సూచనల పుస్తకం తిరగవేయడంలో చాల నిమిషాలు మునిగిపోయారు. ఈలోగా హెలికాప్టర్ మేఘాలలోకి చొచ్చుకుపోయింది. పైనుండి క్రిందికి విసిరికొట్టే బలమైన గాలి ప్రవాహంలో చిక్కుకుని, అదుపు తప్పి, అతి వేగంగా కొండను ఢీకొన్నది. ఆఖరి క్షణాలలో కో-పైలట్ నోట వచ్చిన మాట "గో అరౌండ్" అని రికార్డులో వినిపించింది. విమానం నడిపేవారి భాషలో దానికి అర్థం "ఇక ముందుకు వద్దు, పైకి లేపు" అని. ఆ మాట వచ్చేసరికి సమయం మించిపోయింది.

ఒక చిన్న హెచ్చరిక దీపం మనసునంతా లాగేసుకుంటే, అంతకన్న పెద్ద ప్రమాదం కళ్లెదుటే ఉన్నా కనిపించదు. ఇది ఆ ఇద్దరిలో మాత్రమే ఉన్న లోపమని నేననను. ఇది మనిషి మనసుకున్న స్వభావం. పిల్లవాని ఫీజు గురించి రాత్రంతా లెక్కలు వేసుకునే తండ్రి, ఆ పిల్లవాడు నెలరోజులుగా ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడం లేదన్న సంగతి గమనించడు.

మేఘం లోపల మనిషి

కొండల నడుమ మేఘంలో చిక్కుకున్న పైలట్ పరిస్థితి ఎలా ఉంటుందో కొంచెం తెలుసుకోవాలి. మన చెవి లోపల సన్నని నాళాలు ఉన్నాయి, వాటిలో ద్రవం ఉంటుంది. తల ఎటు కదులుతున్నదో ఆ ద్రవం కదలికను బట్టి మెదడు గ్రహిస్తుంది. విమానం ఒక ప్రక్కకు మెల్లగా, ఒకే తీరుగా తిరుగుతూ ఉంటే కొద్దిసేపటికి ఆ ద్రవం కూడ దానితో సమానంగా తిరుగుతుంది. అప్పుడు పైలట్‌కు తాను తిన్నగా పోతున్నట్లే అనిపిస్తుంది. నిజంగా తిన్నగా సరిచేస్తే, రెండవ ప్రక్కకు ఒరిగిపోతున్నట్లు అనిపిస్తుంది. బయట నేల కనిపిస్తే కన్ను ఈ పొరపాటును సరిదిద్దుతుంది. మేఘంలో కన్నుకు తెల్లదనం తప్ప మరేమీ ఉండదు. తన ఒళ్లే తనకు అబద్ధం చెబుతుంది, అదీ ఎంతో నమ్మకంగా చెబుతుంది.

2021 డిసెంబరు 8న తమిళనాడులోని కూనూరు దగ్గర నీలగిరి కొండలలో సైనిక హెలికాప్టర్ కూలి, త్రివిధ దళాధిపతి జనరల్ బిపిన్ రావత్‌గారితో సహా 14 మంది మరణించారు. వారిలో మన చిత్తూరు జిల్లాకు చెందిన ఒక యువ జవాను కూడ ఉన్నాడు. లోయలో వాతావరణం హఠాత్తుగా మారి హెలికాప్టర్ మేఘంలోకి ప్రవేశించిందనీ, పైలట్‌కు దిక్కు, ఎత్తు తెలియని స్థితి ఏర్పడిందనీ వైమానిక దళ విచారణ చెప్పింది. యంత్రం బాగానే ఉంది. నడిపేవాడు నేర్పరి. బాగున్న యంత్రమే తిన్నగా పోయి కొండను తాకింది.

అందుకే మేఘంలో పైలట్ తన శరీరానికి అనిపించేది నమ్మకుండా, ఎదుట ఉన్న పరికరాలను నమ్మాలని నేర్పుతారు. "నాకు ఇలా అనిపిస్తున్నది" అనడం సత్యానికి ఆధారం కాదు. నీతి విషయంలోనూ అంతే. "నా మనస్సాక్షి నన్నేమీ అనడం లేదు, కనుక నేను చేసేది మంచిదే" అనేవారు మనలో ఉన్నారు. అంతరాత్మ స్వరాన్ని గౌరవించాలని తిరుసభ బోధిస్తుంది. దానితో పాటే ఆ అంతరాత్మను సరియైన రీతిలో తీర్చిదిద్దుకోవలసిన బాధ్యత మనదేనని కూడ బోధిస్తుంది. దేవుని వాక్యం, దైవాజ్ఞలు, పెద్దల హితవు, ఇవన్నీ మన ఎదుట ఉన్న పరికరాలు. ఎండ కాసే రోజున వాటితో పెద్దగా పని లేదనిపిస్తుంది. కోపం, అప్పు, మోహం, అవమానం అనే మేఘంలో దూరినప్పుడు అవే దిక్కు.

ముందే గీసుకున్న గీత

పెద్ద విమానాశ్రయాలలో మేఘం కమ్మినా విమానాలు దిగుతాయి. రేడియో సంకేతాలను, పరికరాలను పట్టుకుని, ఏ చోట ఎంత ఎత్తులో ఉండాలో పటంలో చూసుకుంటూ దిగుతారు. దీనిని ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ అంటారు. ఈ పద్ధతిలో ఒక గొప్ప నియమం ఉంది. ప్రతి విమానాశ్రయానికి ఇంత ఎత్తు అని ఒక హద్దు ముందుగానే నిర్ణయిస్తారు. చుట్టూ కొండలుంటే ఆ హద్దు ఇంకా పైన ఉంటుంది. అంతవరకే దిగవచ్చు. పటంలో చూపిన చోటికి చేరేసరికి రన్‌వే కనిపించకపోతే పైలట్ మారు ఆలోచన లేకుండా విమానాన్ని పైకి లేపాలి. "ఇంకొక్క వంద అడుగులు దిగితే కనబడుతుందేమో" అని బేరమాడకూడదు.

ఈ నియమంలో ఉన్న తెలివిని గమనించండి. నిర్ణయం తీసుకునేది మేఘంలో కాదు. బల్ల ముందు కూర్చుని, పటం చూసి, కొండల ఎత్తులు లెక్కవేసి, ప్రశాంతంగా ఉన్న వేళ తీసుకున్న నిర్ణయం అది. మేఘంలో మిగిలింది దానికి లోబడడం మాత్రమే. శోధన వచ్చిన తరువాత హద్దు గీయడానికి కూర్చుంటే, గీసే చేయి శోధన చెప్పినట్లే కదులుతుంది.

1996 ఏప్రిల్ 3న క్రొయేషియా దేశంలోని దుబ్రోవ్నిక్ దగ్గర జరిగినది ఇందుకు సాక్ష్యం. అమెరికా వాణిజ్య మంత్రి రాన్ బ్రౌన్‌గారిని, ఆయన బృందాన్ని తీసుకుపోతున్న సైనిక విమానం వానలో, మేఘంలో, కొండల ప్రక్కనున్న ఆ విమానాశ్రయంలో దిగబోయింది. అప్పటికే ఆలస్యమైంది. అంతకుముందే అక్కడ దిగిన మరొక విమానం పైలట్ రేడియోలో మాట్లాడి, వాతావరణం సరిగ్గా హద్దు దగ్గరే ఉన్నదనీ, దిగలేకపోతే స్ప్లిట్ నగరానికి పోవచ్చుననీ చెప్పాడు. అక్కడ దిగే పద్ధతికి రెండు రేడియో గ్రాహకాలు కావాలి, ఆ విమానంలో ఉన్నది ఒక్కటే. ఆ పటంలో వ్రాసిన కనీస ఎత్తు కూడ ఆ కొండలకు తగినంతగా లేదు. విమానం దారి నుండి ఎడమకు జరిగిపోయి, లేవవలసిన చోటు దాటిపోయి, సుమారు 2,300 అడుగుల కొండను ఢీకొన్నది. 35 మందీ మరణించారు. ఆ కొండ పేరు వారి భాషలో స్వేతి ఇవాన్, అనగా పునీత యోహాను కొండ.

విచారణ మూడు చోట్ల లోపం చూపింది. పైలట్ల పొరపాటు, పరీక్షించని పటాన్ని వాడనిచ్చిన పై అధికారుల లోపం, సరిగా తయారుకాని పటం. అయినా లేవవలసిన చోట లేచి ఉంటే, మిగిలిన లోపాలన్నీ అలాగే ఉన్నా ఆ 35 మంది బ్రతికి ఉండేవారు. ఇతరుల తప్పులు మన చుట్టూ ఎన్ని ఉన్నా, ఆ గీత దగ్గర వెనుదిరిగే స్వేచ్ఛ మన చేతిలో మిగిలే ఉంటుంది.

చిలకలూరిపేట నుండి ఒంగోలు వైపు పోయే జాతీయ రహదారి మీద కొరిశపాడు, రేణింగవరం గ్రామాల మధ్య అత్యవసర సమయాలలో విమానాలు దిగడానికి రోడ్డునే రన్‌వేగా తీర్చారు. 2022 డిసెంబరు 29న వైమానిక దళం అక్కడ మొదటి పరీక్ష జరిపినప్పుడు విమానాలు రోడ్డుకు దగ్గరగా దిగివచ్చి, చక్రాలు ఆనించకుండానే తిరిగి పైకి లేచిపోయాయి. దిగకుండా లేచిపోవడం ఓటమి కాదు. అది కూడ నేర్చుకుని, అలవాటు చేసుకోవలసిన ఒక విద్య.

పట్టుదలా, మొండితనమా?

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. "నాగలి మీద చేయి వేసి వెనుకకు చూచేవాడు దేవుని రాజ్యానికి తగడని ప్రభువే చెప్పారు గదా? విశ్వాసి వెనుదిరగవచ్చునా?" అని. మంచి ప్రశ్న.

పునీత తోమాసు అక్వినాసుగారు తన మహాగ్రంథంలో పట్టుదల అనే సుగుణాన్ని గూర్చి చెబుతూ, దానికి ఇరుప్రక్కలా రెండు దుర్గుణాలు ఉన్నాయన్నారు. ఒకటి, కొద్ది కష్టానికే చేతులెత్తేసే మెత్తదనం. రెండవది, తగిన హద్దు దాటి కూడ పట్టు విడవని మొండితనం. సుగుణం ఈ రెంటి మధ్య ఉంటుంది. మన సమాజంలో మెత్తదనాన్ని అందరూ ఎగతాళి చేస్తారు. మొండితనాన్ని మాత్రం పౌరుషమని మెచ్చుకుంటారు. "వెనకడుగు వేయని మనిషి" అని బిరుదులిస్తారు. ఆ మెప్పు కోసమే ఎంతమంది తమవారిని కొండకేసి కొట్టారో!

గమ్యాన్ని వదలుకోవడం వేరు, ఒక ప్రయత్నాన్ని వదలుకోవడం వేరు. పైకి లేచిన పైలట్ ప్రయాణం మానుకోలేదు. చుట్టు తిరిగి మరల వస్తాడు, లేదా ప్రక్క ఊళ్లో దిగుతాడు. బెత్లెహేములో బాలయేసును దర్శించిన జ్ఞానులు వచ్చిన దారిన పోలేదు, వేరొక మార్గాన తమ దేశానికి వెళ్లిపోయారు. వారిని పిరికివారని ఎవరంటారు? పదివేల మందితో ఇరవై వేల మందిని ఎదిరించగలనా అని ముందే కూర్చుని ఆలోచించి, చాలదని తోచినప్పుడు సంధికి మనుషులను పంపే రాజును గూర్చి ప్రభువే చెప్పారు. శిష్యరికానికి అయ్యే ఖర్చు గూర్చి చెబుతూ ఆయన ఎంచుకున్న ఉదాహరణ అది. ముందే లెక్క చూసుకోవడం విశ్వాసానికి విరోధం కాదు.

మరొక సంగతి. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, క్రిందికి దూకు, దేవదూతలు పట్టుకుంటారు అని సైతాను ప్రభువును శోధించాడు. లేఖనాన్ని చూపించే శోధించాడు. ప్రభువు దూకలేదు. దేవుని పరీక్షించరాదన్నారు. ప్రార్థన చేసుకున్నాం గనుక ఏమీ కాదని మంచు కమ్మిన రోడ్డు మీద వేగంగా కారు నడిపేవారు, సిలువ గుర్తు వేసుకుని తాగిన మత్తులో మోటారు సైకిలు ఎక్కేవారు ఆ శిఖరం మీదనే ఉన్నారు. సర్వేశ్వరుడు మనకిచ్చిన బుద్ధిని ప్రక్కన పెట్టి, ఆపైన జరిగినదానికి ఆయన చిత్తమని పేరు పెట్టడం భక్తి కాదు.

ప్రక్క సీటులోనివారు

2010 మే 22న దుబాయి నుండి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో కొండ మీది రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది మరణించారు, 8 మంది బయటపడ్డారు. అది చిన్న విమానం కాదు, ఆనాడు రన్‌వే కనిపించింది కూడ. అయినా మన ప్రశ్నకు అది ముఖ్యం. విమానం ఉండవలసిన దానికన్న ఎత్తుగా, వేగంగా వచ్చింది. కో-పైలట్ మూడుసార్లు "గో అరౌండ్" అన్నాడు. యంత్రం కూడ పలుమార్లు హెచ్చరించింది. కెప్టెన్ వినలేదని, దిగడానికే పూనుకున్నాడని విచారణ సంఘం తేల్చింది.

వివేకంలోని భాగాలను లెక్కించేటప్పుడు అక్వినాసుగారు "ఇతరుల వద్ద నేర్చుకునే గుణం" అనేదానిని కూడ చేర్చారు. పెద్దవారికి, చదువుకున్నవారికి కూడ అది అవసరమేనన్నారు. ఎందుకంటే ఏ మనిషీ అన్ని విషయాలలో తనకు తాను చాలడు. మన ఇళ్లలో దీనికి చోటెంత? పెద్దాయన నోటికి ఎదురు లేదు. భార్య "వద్దండీ, ఈ ఏడు అంత కౌలు తీసుకోవద్దు" అంటే "నీకేం తెలుసు" అన్న మాట సిద్ధంగా ఉంటుంది. ఎదిగిన కొడుకు ఏదైనా చెబితే తలబిరుసు అంటాం. గౌరవం గొప్పదే. కాని కొండ ముందుకు వస్తున్నప్పుడు నోరు మూసుకోవడం గౌరవం కాదు. ఆ మాటను వినిపించుకోకపోవడం పెద్దరికమూ కాదు.

వెనుక కూర్చున్నవారి బాధ్యత కూడ ఉంది. నాయకుడు వస్తాడని సభ ఎదురుచూస్తూ ఉంటుంది. పెండ్లివారు ముహూర్తానికి చేరాలంటారు. యజమాని "సరుకు తెల్లవారేసరికి గుంటూరు యార్డులో ఉండాలి" అంటాడు. స్టీరింగు ముందు కూర్చున్నవాడు ఆ మాటలన్నీ మెడ మీద మోస్తూ నడుపుతాడు. జనవరి మంచులో మన రహదారి మీద నిద్ర లేకుండా పోయే మిర్చి లారీ డ్రైవరును "ఇక్కడే ఆపుకో, తెల్లారాక పోదువులే" అనగలిగిన యజమాని ఒక ప్రాణం కాపాడినవాడే. "మీకు సరి అనిపించకపోతే వెనక్కు పోదాం, మేమేమీ అనుకోం" అన్న మాట ప్రయాణం మొదట్లోనే చెప్పవలసిన మాట.

తప్పిన గండం చెప్పుకోవడం

1974 డిసెంబరు 1న అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో ఒక ప్రయాణికుల విమానం దిగే ప్రయత్నంలో మౌంట్ వెదర్ అనే కొండను ఢీకొని 92 మంది మరణించారు. దిగడానికి అనుమతి ఇచ్చామంటే ఏ ఎత్తుకు దిగవచ్చునన్న విషయంలో నేల మీదివారికీ, విమానంలోనివారికీ అవగాహన కుదరలేదు. అసలు విషాదమేమంటే, దానికి ఆరు వారాల ముందే వేరొక సంస్థ విమానం అదే చోట, అదే అపార్థం వలన, కొద్దిలో కొండను తప్పించుకున్నది. ఆ సంస్థ తన పైలట్లకు ఆ సంగతి చెప్పింది. మిగిలిన సంస్థల పైలట్లకు అది చేరలేదు.

ఆ గుణపాఠం తరువాత 1976లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒక పద్ధతి ప్రారంభించింది. పైలట్లు తమకు జరిగిన పొరపాట్లను, తృటిలో తప్పిన ప్రమాదాలను రహస్యంగా వ్రాసి పంపవచ్చు. పేరు బయటపడదు. అందులోని పాఠం మాత్రం అందరికీ అందుతుంది. ఇది చదివినప్పుడు కతోలికులకు పాపసంకీర్తన సంస్కారం గుర్తుకు రాక మానదు. పాపము వేరు, పొరపాటు వేరు. ఆ సంస్కారంలో లభించే కృప ఏ కార్యాలయమూ ఇవ్వలేదు. అయినా మనిషి స్వభావాన్ని గూర్చి రెండూ ఒకే సత్యం చెబుతున్నాయి. చెప్పుకుంటే చంపుతారన్న భయం ఉన్నచోట ఎవడూ చెప్పడు. చెప్పని తప్పు మరొకసారి, ఇంకా పెద్దదిగా తిరిగి వస్తుంది. రహస్యం నిలుస్తుందన్న నమ్మకం, క్షమాపణ దొరుకుతుందన్న ఆశ ఉన్నచోటనే మనిషి నిజం చెబుతాడు.

మన పొలాలు, మన ఇళ్లు

ఇక మన నేలకు వద్దాము. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి చేలను తెల్లదోమ పట్టిపీడించింది. మందు మీద మందు కొట్టారు. అప్పు మీద అప్పు తెచ్చారు. ఇంకొక్క తడి, ఇంకొక్క మందు, ఇంకొక్క నెల అనుకుంటూ దిగుతూ పోయారు. చివరికి అప్పులబాధతో ఎందరో పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఈ ప్రాంతపు పెద్దలు ఆ ఏడాదిని ఇప్పటికీ మరువలేదు.

ఆ రైతులను మొండివారని నేననగలనా? ఇక్కడ విమానం సంగతి మరొకటి గుర్తు చేసుకోవాలి. పైకి లేవమని పైలట్‌కు చెప్పే నియమం, మరొక విమానాశ్రయానికి చేరేటంత ఇంధనం ముందే నింపుకోమని కూడ చెబుతుంది. ఇంధనం అయిపోయినవానికి వెనుదిరిగే స్వేచ్ఛ పేరుకే ఉంటుంది. సొంత పొలం లేక, బ్యాంకు అప్పు పుట్టక, పంట తాకట్టు మీద మందుల కొట్టులోనే అప్పు పెట్టిన కౌలు రైతుకు వేరే రన్‌వే ఎక్కడుంది? అటువంటివానికి వివేకం బోధించి ఊరుకుంటే ఎగతాళి చేసినట్లే. వివేకం ఒక్కొక్కరి సుగుణమైతే, ఆ వివేకాన్ని పాటించగలిగే పరిస్థితి కల్పించడం సంఘం బాధ్యత. మన విచారణలలోని పునీత విన్సెంట్ డి పాల్ సభలు, మహిళల పొదుపు సంఘాలు, బంధువులు ఒకనికి ఒక ఏడాది ఊపిరి తీసుకునే వీలు కల్పించగలిగితే, అది అతనికి ఇంధనం నింపినట్లే.

అంతకన్న నా మనసును కలచే విషయం మన పిల్లలది. ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడే ప్రతి వేసవిలోనూ గుండె పగిలే వార్తలు వింటున్నాము. పదహారు, పదిహేడేండ్ల పిల్లలు. "ఇంత ఖర్చు పెట్టాం, ఇంత దూరం పంపాం, ఎలాగైనా సాధించాలి" అన్న మాట వారి చెవుల్లో మోగుతూ ఉంటుంది. ముందు రన్‌వే కనిపించదు. పైకి లేవవచ్చునని ఎవరూ వారికి చెప్పలేదు. తల్లిదండ్రులారా, చెప్పండి. ఫలితాలు వచ్చిన రోజున కాదు, పిల్లవానిని హాస్టలులో దించి వచ్చే రోజుననే చెప్పండి. "నాన్నా, కుదరకపోతే ఇంటికి రా. మార్కులు నీ తరువాతే" అని చెప్పండి. తప్పిపోయిన కుమారుడు తిరిగి రాగలిగింది ఎందువలన? తండ్రి ఇంట తలుపు తెరిచే ఉంటుందన్న తలంపు ఎక్కడో అతని గుండెలో మిగిలి ఉంది గనుక. ఆ తండ్రి ఇంకా దూరాన ఉండగానే చూశాడు, పరుగెత్తి వెళ్లాడు. ఖర్చు లెక్క అడగలేదు.

ముగింపు

పావురాలగుట్ట మీద, నీలగిరులలో, పునీత యోహాను కొండ మీద మరణించినవారికి తీర్పు చెప్పే అధికారం నేల మీద క్షేమంగా కూర్చున్న మనకు లేదు. సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయినప్పుడు, వారు ఇతరులకన్న పాపాత్ములా అని ప్రభువు అడిగి, కాదన్నారు. వెంటనే వింటున్నవారి వైపు తిరిగి, మీరు మారుమనస్సు పొందండి అన్నారు. చనిపోయినవారి కోసం ప్రార్థించాలి, బ్రతికి ఉన్నవారం నేర్చుకోవాలి. మారుమనస్సు అన్న మాటలోనే మరలడం ఉన్నదిగదా!

ఈ వారం కుటుంబ ప్రార్థన ముగిసిన తరువాత కొంచెంసేపు కూర్చుని ఒక పని చేయండి. ఈ ఏడాది ఎంత కౌలు, ఎంత అప్పు, ఎంతవరకు అన్న గీతను మనసు నెమ్మదిగా ఉన్న ఈ వేళలోనే, ఇంట్లో అందరూ కలసి గీసుకోండి. ఆ గీత దగ్గరకు వచ్చినప్పుడు "ఇక చాలు, పైకి లేద్దాం" అని గుర్తు చేసే హక్కు ఇంట్లో చిన్నవానికి కూడ ఇవ్వండి. ఆ మాట అన్నవారిని కోపగించబోమని ఒకరికొకరు మాట ఇచ్చుకోండి.

మేఘం కమ్మిన వేళ మన అనుభూతులకన్న తన వెలుగునే నమ్ముకునే వినయాన్నీ, హద్దు దగ్గర వెనుదిరిగే ధైర్యాన్నీ, వెనుదిరిగి వచ్చినవారిని అక్కున చేర్చుకునే హృదయాన్నీ ప్రభువు మన కుటుంబాలకు దయచేయునుగాక.